ఎదిగే కాలు కదా అని ఒక సైజు పెద్దది కొంటున్నారా?

పిల్లలకు బూట్లు కొనేటప్పుడు మనందరి నోటా వచ్చే మాట ఒకటుంది: “ఎదిగే కాలు కదా, ఒక సైజు పెద్దది ఇవ్వండి.” యూనిఫాం షూస్ విషయంలో ఈ లెక్క ఎలాగోలా నడిచిపోతుంది. బస్సు దిగి క్లాసుకు, క్లాసు నుంచి బస్సుకు, అంతే కదా వాళ్ల నడక! కొండ దగ్గర మాత్రం ఈ లెక్క తప్పుతుంది. మా ఇంట్లో తప్పింది.

పోయిన శీతాకాలం ఏడో తరగతి చదివే మా అమ్మాయి స్కూల్ ట్రిప్‌లో పాడేరు, అరకు వెళ్లింది. బయల్దేరడానికి రెండు రోజుల ముందు హడావుడిగా చీలమండ దాకా ఉండే ట్రెక్కింగ్ బూట్లు కొన్నాను. ఖరీదైనవే. ఒక సైజు పెద్దవి తీసుకున్నాను. వదులుగా ఉన్నాయంటే లోపల మెత్తటి ఇన్‌సోల్ ఒకటి వేయించాను. తెల్లవారుజామున వంజంగి కొండ ఎక్కుతుంటే మడమ మీద బొబ్బ లేచింది. దిగేటప్పుడు అడుగడుగునా వేళ్లు వెళ్లి బూటు ముందు భాగానికి కొట్టుకున్నాయి. మర్నాడు తోటిపిల్లలు చాపరాయి దగ్గర నీళ్లలో ఆడుకుంటుంటే తను బస్సులోనే కూర్చుంది. ఇంటికొచ్చేసరికి రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి. టీచర్‌కు ఎందుకు చెప్పలేదని అడిగితే, “అంత డబ్బు పెట్టి కొన్నారు కదా నాన్నా, బాగాలేవని ఎలా చెప్పను?” అంది.

తప్పు బూటుది కాదు. నేను ఎంచుకున్న సైజుది, నా తొందరది. వదులు బూటులో పాదం నిలకడగా ఉండదు. ఎక్కేటప్పుడు మడమ పైకి లేచి రాసుకుంటుంది, దిగేటప్పుడు పాదం మొత్తం ముందుకు జారుతుంది. అందుకే కొండకు వేసుకునే బూటులో వేళ్ల ముందు కాస్త చోటుండాలి, మడమ దగ్గర మాత్రం గట్టిగా పట్టి ఉంచాలి. ఈ రెండూ కలిసి కుదరాలి.

షాపులో పది నిమిషాలు ఓపిక పడితే ఇది తెలిసిపోతుంది. సాయంత్రం పూట వెళ్లండి. పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. కొండ మీద వేసుకోబోయే సాక్స్ వెంట తీసుకెళ్లండి. కంపెనీని బట్టి సైజు నంబర్లు మారుతుంటాయి కాబట్టి పాత నంబరును నమ్ముకోవద్దు. బూటులో ఉన్న ఇన్‌సోల్‌ను బయటికి తీసి, దాని మీద పిల్లల్ని నిలబెట్టండి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉంటే సరిపోతుంది. పాదం అంచులు ఇన్‌సోల్ దాటి బయటికి వస్తే అది ఇరుకు బూటు. రెండు పాదాలూ చూడండి, ఒకటి కొంచెం పెద్దదిగా ఉండటం మామూలే. తర్వాత లేసులు కట్టి షాపు మెట్లు ఎక్కించి, దించండి. ఎక్కేటప్పుడు మడమ లేవకూడదు, దిగేటప్పుడు వేళ్లు తగలకూడదు.

బూటు అడుగు కూడా చూడాలి. రబ్బరు గాళ్లు లోతుగా ఉండాలి. చేత్తో వంచితే వేళ్లు మడిచే చోట వంగాలి కానీ నట్టనడుమ మడతపడకూడదు. అటకెక్కించిన అన్నయ్య పాత బూట్లు కొత్తవాటిలా కనిపించినా ఒకసారి వేసి నడిపించి చూడండి. కొన్ని రకాల సోల్స్ వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని తేమకు పాడై, నడుస్తుంటే పొడిపొడిగా రాలిపోతాయి, ఊడిపోతాయి.

ఇన్‌సోల్ గురించి కూడా నాకున్న భ్రమ పోయింది. మెత్తగా ఉంటే సుఖంగా ఉంటుందనుకున్నాను. మరీ మెత్తటిది కాసేపటికే అణిగిపోతుంది, పాదం దాని మీద కదులుతూనే ఉంటుంది. పైగా లావుపాటి ఇన్‌సోల్ వేస్తే పాదం పైకి లేచి, మడమ పట్టు ఇంకా తగ్గుతుంది. వదులు బూటును ఇన్‌సోల్ బాగుచేయలేదు. వేరేది వేయాలనుకుంటే పాతది తీసేసి, కొత్తది వేసే సైజు చూడాలి. పాదం చదునుగా ఉందని ఎత్తు వంపు ఇన్‌సోల్స్ కొనే తల్లిదండ్రులూ ఉన్నారు. చిన్నపిల్లల్లో చదును పాదం చాలా సహజం. నొప్పి లేకపోతే దానికి ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు. నొప్పి ఉంటే డాక్టర్‌కు చూపించాలి, షాపువాళ్ల సలహా సరిపోదు.

“మన పెద్దలు తిరుమల కొండ ఉత్త కాళ్లతో ఎక్కలేదా?” అని మా అమ్మ అడిగింది. ఎక్కారు, ఇప్పటికీ ఎక్కుతున్నారు. కానీ అలిపిరి దారిలో ఉన్నవి కట్టిన మెట్లు. పొలం గట్ల మీద తిరిగిన కాలికి ఆ గట్టిదనం ముందే ఉండేది. రోజంతా నల్ల బూట్లలో ఉండే మన పిల్లల పాదాలకు రాళ్లూ బురదా ఉన్న కొండదారి కొత్త. ఆ తేడాను ఒప్పుకోవాలి.

అలాగని అందరూ వేలు పోసి బూట్లు కొనాలనడం లేదు. వంజంగి, అనంతగిరి లాంటి ఒక పూట నడకకు, చిన్న బ్యాగుతో వెళ్లే పిల్లలకు గాళ్లు అరగని, కాలికి అలవాటైన స్పోర్ట్స్ షూస్ చాలు. తేలిగ్గా ఉంటాయి, తడిసినా త్వరగా ఆరతాయి. నీళ్లు చొరబడని బూట్లు మన వేడికి లోపలి చెమటను కూడా ఆపేస్తాయి. మంచు కొండల క్యాంపులకైతే బూట్లు కావాలి. అక్కడ అద్దెకు తీసుకున్నా సాక్స్ మాత్రం సొంతవే పెట్టండి. మామూలు నూలు సాక్స్ చెమట పట్టి తడిగా ఉండిపోతాయి, బొబ్బలకు అదే మొదలు. ఉన్నివో, సింథటిక్‌వో రెండు జతలు పెడితే మేలు.

స్కూల్ యాజమాన్యానికి ఒక విన్నపం. ట్రిప్ సర్క్యులర్‌లో ఫీజు, తేదీలు, టిఫిన్ వివరాలు ఉంటాయి కానీ కాళ్లకు ఏం వేసుకోవాలో ఉండదు. ఆ ఒక్క పేరా నెల ముందే ఇవ్వండి. చివరి రెండు వారాలు పీటీ పీరియడ్‌లో యూనిఫాం షూస్ బదులు ట్రిప్ షూస్‌ను అనుమతించండి. కొత్త బూటు కాలికి అలవాటు కావడానికి ఆ రోజులు కావాలి. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె సాధన భువనగిరి బండల మీద మొదలైంది. మన పిల్లల చిన్న కొండకు కనీసం స్కూల్ గ్రౌండ్‌లోనైనా సాధన మొదలవ్వాలి కదా!

తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. బూట్లు కొన్న రోజున “బాగున్నాయా?” అని అడిగి ఊరుకోవద్దు. ఆ ప్రశ్నకు పిల్లలు మన మొహం చూసి జవాబిస్తారు. “ఎక్కడైనా నొక్కుతోందా? మడమ లేస్తోందా?” అని అడగండి. నొప్పి పుడితే ధర సంగతి మర్చిపోయి వెంటనే టీచర్‌కు చెప్పమని బయల్దేరే ముందే చెప్పండి. మా అమ్మాయికి నేను చెప్పకుండా వదిలేసిన మాట అదే.