పరదేశ వనితలు: పాతతీగను నిలిపిన కూఁతురు

ఇటలీదేశపు టుత్తరభాగమున, త్రెంతీనో సీమలోఁ బర్వతముల నడుమ మెట్జొలొంబార్దో అను నూరు కలదు. అందలి గులకరాల నేలలో తెరొల్దేగో అను నల్లద్రాక్ష తరతరములుగాఁ బండుచున్నది. ఎలిసబెత్తా ఫొరదోరి యను నామె బాల్యముననే తండ్రిని గోల్పోయెను. ద్రాక్షారసవిద్య నభ్యసించి, 1984లోఁ దమ తోట భారమును వహించెను.

అప్పటికి విస్తారముగాఁ గాచు తీగలే యెల్లెడల వ్యాపించి, పండ్లలో సారము తగ్గియుండెను. ఆమె పాతతీగలలో మేలైనవానిని వెదకి, వాని కొమ్మలనే పెంచి నాటించెను. ఒక్క తీగకుఁ బ్రతిరూపములు గాక పలుతీగల సంతతి నిలుచుటచే నా జాతి వైవిధ్యము దక్కినది. కాపు తగ్గిన రాబడియుఁ దగ్గును గదా! దానికి వెఱచినచో నీ కార్యము సాగకుండెడిది.

2002 మొదలు రసాయనములను విడిచి బయోడైనమిక్ సేద్యము చేయించెను. ఆ పద్ధతిలో నావుకొమ్మున పేడ నింపి, చలికాలమంతయు భూమిలోఁ బాతి, పిదప నీటఁ గలిపి చల్లుదురు. కొమ్ము మహిమకు శాస్త్రప్రమాణము లేదు. పశువుల యెరువుచే మన్ను బలపడుట మాత్రము మన మెఱిఁగినదే. కొంత రసమును స్పెయిను మట్టికాఁగులలోఁ దొక్కతోనే పులియఁబెట్టుదురు. ఇప్పు డామె బిడ్డలును నా పనియందే యున్నారు.

మద్యపానమును మేము మెచ్చము. కాని పూర్వుల విత్తును గాపాడిన చేతిని మెచ్చకుండుట యెట్లు? సొమ్ము పోయిన మరలఁ గూడఁబెట్టవచ్చును. నశించిన విత్తు నే సంతలోనుఁ గొనలేము.