ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమా?

స్విచ్ అనగానే మనకు గోడమీది దీపపు మీటే గుర్తుకొస్తుంది. ఈ మారు నేను ముచ్చటించదలచింది ఆ మీట గురించి కాదు. రౌటర్ నుంచి వచ్చే ఒక్క తీగను నాలుగైదు కంప్యూటర్లకు, గుమ్మం మీది కెమెరాకు, హాలులోని టీవీకి పంచిపెట్టే చిన్న పెట్టె ఉంటుందే, ఆ నెట్‌వర్క్ స్విచ్ గురించి. ఒకప్పుడు ఆఫీసుల్లోనే కనిపించిన ఈ పెట్టె ఇప్పుడు మన ఇళ్లకూ, సంఘ భవనాలకూ వచ్చేసింది.

తెలుగు చెప్పే బడి దగ్గరలో లేని పిల్లలకు ఆదివారం పూట కంప్యూటర్ మీదే అక్షరాలు దిద్దిస్తున్న వారు మనలో ఉన్నారు. పాఠం మధ్యలో బొమ్మ ఆగిపోయి, మాట తెగిపోతూ ఉంటే పిల్లవాడు ఎన్ని వారాలు కూర్చుంటాడు? వాడు లేచిపోయాక "తెలుగు మీద శ్రద్ధ లేదండీ" అని మనం నిట్టూరుస్తాం. లోపం పిల్లవాడిది కాక, స్విచ్‌కు తగిలించిన చవకబారు తీగది కావచ్చు.

స్విచ్‌ను నలుగురినీ అడిగి, మంచిదే చూసి కొంటాం. దానికి కావలసిన ఎడాప్టరు, తీగలు, చిల్లర సామాను దగ్గరకు వచ్చేసరికి "ఏదో ఒకటి ఇవ్వవయ్యా" అంటాం. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమంటే ఇదే. చెన్నై రిచీ వీధిలోనూ, బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోనూ, ముంబయి లామింగ్టన్ రోడ్డులోనూ ఈ సామాను గుట్టలుగా దొరుకుతుంది. అందులో ఏది కొనాలన్నా నేను పాటించే సూత్రం ఒక్కటే: దూరడం వేరు, సరిపోవడం వేరు.

ముందుగా ఎడాప్టరు. చిన్న స్విచ్‌లలో కొన్ని 5 వోల్టులవి, కొన్ని 9, కొన్ని 12 వోల్టులవి. పిన్ను మాత్రం చాలావాటికి ఒకే మాదిరి గుండ్రటి గొట్టం. 12 వోల్టుల ఎడాప్టరు 5 వోల్టుల స్విచ్‌లో హాయిగా దూరవచ్చు. దాంతో స్విచ్ కాలిపోనూవచ్చు. స్విచ్ అడుగున ముద్రించిన వోల్టులూ, ఎడాప్టరు మీది వోల్టులూ ఒకటే కావాలి. ఆంపియర్లు అంతే ఉన్నా సరే, ఎక్కువున్నా సరే. స్విచ్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. తక్కువైతే మాత్రం వేడెక్కి మొరాయిస్తుంది. పిన్ను నడిమ ప్లస్సా, మైనస్సా అని చూపే బొమ్మ కూడా రెంటిమీదా ఒకేలా ఉండాలి. బి.ఐ.ఎస్. గుర్తు లేని ఎడాప్టరును ఇంట్లోకి రానివ్వకండి.

ఇక తీగ. ఇళ్లకు క్యాట్ 5ఇ గాని, క్యాట్ 6 గాని చాలు. 100 మీటర్ల దాకా సెకనుకు ఒక గిగాబిట్ వేగం అందుతుంది. చిక్కంతా తీగ లోపలి లోహంతోనే. అల్యూమినియానికి రాగిపూత పూసి, రాగి తీగల పక్కనే పెట్టి అమ్ముతారు. రాగితో పోలిస్తే అల్యూమినియం ప్రసరణశక్తి సుమారు 60 శాతమే. డబ్బా మీద సి.సి.ఎ. అనే అక్షరాలుంటే అది ఇదే. అనుమానముంటే చివర తొక్క వలిచి, లోపలి తీగను బ్లేడుతో గీకి చూడండి. రాగి అయితే ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. పూత అయితే తెల్లబడుతుంది.

కెమెరాలకు తీగలోంచే కరెంటు పంపే పద్ధతిని పి.ఓ.ఇ. అంటారు. 2003 నాటి ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టు 15.4 వాట్ల వరకు ఇస్తుంది. 2009లో అది 30కి, 2018లో 90కి పెరిగింది. ప్రమాణం పాటించే స్విచ్, అవతల ఉన్న పరికరం కరెంటు పుచ్చుకునేదేనా అని ముందు పరీక్షించుకుని మరీ పంపుతుంది. కొన్ని చవక ఇంజెక్టర్లు మాత్రం ఆ పరీక్షేమీ లేకుండా 24 వోల్టులు నెట్టేస్తాయి. మొత్తం వాట్లు కూడా కూడుకోవాలి. 10 వాట్ల కెమెరాలు ఎనిమిదైతే 80 వాట్లు. స్విచ్ మొత్తం శక్తి 60 వాట్లే అయితే, ఎనిమిది రంధ్రాలున్నంత మాత్రాన ఎనిమిది కెమెరాలూ పనిచేయవు.

ఒక సంఘంవారు గ్రంథాలయం నుంచి కల్యాణ మండపానికి ఆరుబయట రాగి తీగ లాగించారు. వానాకాలంలో దగ్గర్లో పిడుగు పడితే రెండు చివర్లా పోర్టులు పోయాయి. భవనానికీ భవనానికీ మధ్య లోహం కలవని ఫైబర్ తీగ వేయమని నేను చెబుతూ ఉంటాను. దానికి స్విచ్‌లో ఎస్.ఎఫ్.పి. అనే ముక్క పెట్టాలి. ఇక్కడా అదే సూత్రం: ఒక గిగాబిట్ ముక్క, పది గిగాబిట్ల ముక్క చూపుకు ఒక్కలాగే ఉంటాయి. ఒకే పోగు మీద నడిపే జతలో ఒక చివర 1310 నానోమీటర్లు పంపేది ఉంటే, రెండో చివర 1550 పంపేది ఉండాలి. రెండు చివర్లా ఒకే రకం పెడితే దూరుతాయి గాని పలకవు. కొన్ని స్విచ్‌లు ఇతర కంపెనీల ముక్కలను ఒప్పుకోవు కనుక, పనిచేయకపోతే మార్చి ఇచ్చేలా దుకాణంలో ముందే మాట తీసుకోండి.

యానాం, గోపాల్‌పూర్ వంటి చోట్ల ఉప్పుగాలికి పిన్నులు చిలుము పడతాయి. బంగారు పూత పిన్నులున్న తీగలు తీసుకుని, ఖాళీ పోర్టులకు రబ్బరు మూతలు పెడితే కొన్నేళ్లు అదనంగా మన్నుతాయి.

చివరగా ఒక మనవి. స్విచ్ ఇంటికి రాగానే, దానితో వచ్చిన ఎడాప్టరు మీద "స్విచ్‌ది" అని రాసి చీటీ అంటించండి. ఇంట్లో రౌటరుది, టీవీ పెట్టెది, స్విచ్‌ది అన్నీ కలిసిపోయాక వెతుక్కోవటం కష్టం. దుకాణానికి వెళ్లేముందు వోల్టులు, ఆంపియర్లు, తీగ పొడవు, కెమెరాల వాట్లు కాగితం మీద రాసుకు వెళ్లండి. అమ్మేవాడు "ఇది పడుతుంది సార్" అంటే, "పడుతుంది సరే, సరిపోతుందా?" అని ఆ కాగితం చూపించి అడగండి.

కరెంటు పోయినా పాఠం ఆగకుండా స్విచ్‌కు ఎలాంటి బ్యాటరీ పెట్టాలో వచ్చే సంచికలో చెప్పుకుందాం.