తనంతట నీరు తాగే తొట్టి

మన కళాశాలలో మొక్కలు నాటే ఉత్సాహానికి ఏనాడూ కొదువ లేదు. సెలవులు ముగిసి తిరిగి వచ్చినప్పుడు మాత్రం ఆ తొట్ల వైపు చూడటానికి మనకు ముఖం చెల్లదు. నీరు పోసే చేయి కరవై అవి ఎండి ఉంటాయి. దోషం విద్యార్థులదని మేము అనజాలము. అది పద్ధతిలోనే ఉంది.

తొట్టి అడుగున నీటి అర, దానిపై రంధ్రాల పలక, పలక గుండా నీటిలోకి దిగిన వత్తి - ఇంతే సాధనం. దీపపు వత్తి నూనెను పైకి తెచ్చినట్లే ఇది నీటిని వేళ్ళకు అందిస్తుంది. నూలు త్వరగా కుళ్ళుతుంది గనుక నైలాను తాడు మేలు. ప్రక్కన పొర్లు రంధ్రం లేకుంటే వేళ్ళు కుళ్ళుతాయి. నీరు పోసే గొట్టానికి మూత లేకుంటే దోమలకు మనమే ఇల్లు కట్టించినవారమవుతాము! నడుమ వంగ, టమాటా, అంచున పాలకూర, కొత్తిమీర కలిసి పెరుగుతాయి. తేమ నిలకడగా ఉంటే టమాటా కాయ అడుగు నల్లబడటం తగ్గుతుంది. బంకమన్ను పనికిరాదు. బోరునీటి లవణాలు పైమట్టిలో పేరుకొంటాయి కనుక అప్పుడప్పుడు పైనుంచి కూడా నీరు పోయాలి.

వేసవి సెలవులంతా ఇవి నిలుస్తాయని మేము చెప్పము; ఎదిగిన టమాటా ఆ నీటిని కొద్ది రోజులలోనే తాగివేస్తుంది. పండుగ సెలవులు నాలుగు రోజులు గడిస్తే చాలు. సింహద్వారానికి మరల రంగు వేయించే ముందు, మిద్దెపై పది తొట్లకు కమిటీ పెద్దలు ఖర్చు మంజూరు చేయవలెనని మా మనవి. మొదటి కోత వంకాయలు వారి ఇండ్లకే పంపుతాము.