రాయల కొలువు దాటని కాలయంత్రం

2025 ఏప్రిల్‌లో 'ఆదిత్య 369' మళ్లీ థియేటర్లకు వచ్చింది. దాని రెండో భాగం గురించి మేం చదివిందంతా హీరో ఎవరు, వారసుడి రంగప్రవేశం ఎప్పుడు అన్న ముచ్చటే. 1991లో సింగీతం శ్రీనివాసరావు నడిపిన ఆ సినిమాలోని కాలయంత్రం 1526కూ, 2504కూ వెళ్లొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత బయల్దేరితే ఎక్కడికి వెళ్లాలని అడిగినవాళ్లు మాకు కనబడలేదు. సైన్స్ ఫిక్షన్ అనగానే పిల్లల తాయిలమని పక్కకు నెట్టే మన విమర్శకులు ఎలాగూ అడగరు.

ఆలస్యంగా వచ్చే కొనసాగింపు ఏం చేయాలో అమెరికన్ రచయిత హ్యారీ టర్టిల్‌డవ్ చేసి చూపించాడు. 1994లో మొదలుపెట్టి 2001 నాటికి ఏడు నవలలు రాశాడు. వాటిలో రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1942లో, గ్రహాంతరవాసులు భూమ్మీద దిగుతారు. పన్నెండో శతాబ్దంలో వాళ్లు పంపిన పరికరం ఇక్కడ గుర్రాల మీది కత్తి వీరుల్ని చూసి వెళ్లింది. ఎనిమిది వందల ఏళ్లలో మనుషులు ఏం మారతారులే అనుకుని వచ్చినవాళ్లకు ట్యాంకులు ఎదురయ్యాయి. 2004లో వచ్చిన ఎనిమిదో నవల 'హోమ్‌వర్డ్ బౌండ్' కథను ముగించింది. అందులో మనుషులే ఏళ్ల తరబడి నిద్రలో ప్రయాణించి వాళ్ల గ్రహానికి వెళతారు. తిరిగొచ్చిన వాళ్లకు సొంత భూమే పరాయిదవుతుంది. ఆ పుస్తకం నత్తనడకన సాగుతుందంటే కాదనం. కానీ గడిచిన కాలానికి అది లెక్క చెప్పింది. 1991 నాటి ప్రేక్షకుడే ఇంకా అక్కడే కూర్చున్నాడనుకుని రెండో భాగం తీస్తే, ఆ గ్రహాంతరవాసుల పొరపాటే మనదీ అవుతుంది.

మన యంత్రం గతంలోకి వెళ్లినా రాయల కొలువు దగ్గరే ఆగింది. రాయలు 1529లో పోయాడు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడాక విజయనగర రాజధాని పెనుకొండకూ, అటుపైన చంద్రగిరికీ కదిలింది. చంద్రగిరి రాజుల కింది దామెర్ల నాయకులు 1639లో ఈస్టిండియా కుంఫిణీకి సముద్రం ఒడ్డున చెన్నపట్నం లేచిన చోటిచ్చారు. ఇవ్వకపోయి ఉంటే? చెన్నపట్నం లేకుంటే పుంగనూరు జమీ ఎవరికి కప్పం కట్టేది? కుప్పాన్ని ఏలిన కంగుంది జమీ మూడు భాషల కూడలిలో ఎటు మొగ్గేది? 1911లో మదనపల్లెను కడప జిల్లా నుంచి తీసి కొత్త చిత్తూరు జిల్లాలో కలిపే దొర ఎవడుండేవాడు? చిత్తూరు జిల్లాలోని మన పడమటి తాలూకాల చరిత్రలో ఇన్ని మలుపులుంటే తెలుగు ఊహ వజ్రాల అంగళ్ల దగ్గరే పడి ఉంది. స్వర్ణయుగం మీద మోజు ఓడిన రాజధాని మీద ఉండదు, అందులోనూ అది సీమలో ఉంటే!

కోట్లు పోసి చరిత్ర పాఠం తీయమంటారా అని నిర్మాతలు అడగొచ్చు. రాయల సభ సెట్టు ఊరికే వచ్చిందా? అయినా తప్పు ముందుగా వాళ్లది కాదు, 'ఆ చోటు ఇవ్వకపోయి ఉంటే?' అన్న ప్రశ్నను నవలగా రాయని మన రచయితలది. 1639 నుంచి దారి మార్చిన కథ ఎవరైనా రాయండి, వేసుకోవడానికి మా పేజీలున్నాయి.