యెజ్డీలో ఎనిమిదో వంతు

వారసత్వ విభజనను బోధించే 'సిరాజీ' గ్రంథాన్ని మా మద్రసాలో ఏటా మేమే చెబుతున్నాము. ఆ పాఠం జరిగే రోజులలో నల్లబల్ల మీద ఒంటెలు, దిర్హములు, ఖర్జూరపు తోటలు తప్ప మరొక ఆస్తి కనిపించదు. గత సంవత్సరం ఒక విద్యార్థి లేచి, "ఉస్తాద్! మా ఊళ్లో ఒంటెలు లేవు. ఒకసారి మోటారు సైకిలు పెట్టి లెక్క వేయండి" అన్నాడు. తరగతి నవ్వింది. మేమూ నవ్వాము. మరణించిన వ్యక్తికి భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు ఉన్నారని, అప్పులు గాని వీలునామా గాని లేవని, అతడు వదిలిపోయినది ఒక మోటారు సైకిలేనని, దాని వెల 16,000 రూపాయలని బల్ల మీద వ్రాశాము. వ్రాసి, సుద్దముక్క చేతిలో పట్టుకొని నిలబడిపోయాము.

ఆ అంకె మేము ఆలోచించి వ్రాసినది కాదు. 2012లో మా యెజ్డీ రోడ్‌కింగ్‌ను అమ్మినప్పుడు మా చేతికి వచ్చిన మొత్తం అది. బల్ల మీద మేము వ్రాసిన కుటుంబం మా కుటుంబమే.

ఆ బండిని మా అబ్బాజాన్ 1984లో కొత్తదిగా కొన్నారు. నంద్యాలలో వారిది చిన్న బట్టల దుకాణం. బంధువులందరూ స్కూటరు కొనమన్నారు. గృహస్థుకు అదే తగినదని, ముందు సామాను పెట్టుకోవచ్చునని, వెనుక ఇల్లాలు కుదురుగా కూర్చోవచ్చునని నచ్చజెప్పారు. అబ్బాజాన్ అందరి మాటలూ విని, మైసూరులో తయారైన ఆ 250 సీసీల బండిని ఇంటికి తెచ్చారు. చెకోస్లొవేకియా జావా కంపెనీ సహకారంతో 1961 నుంచి మైసూరు కర్మాగారంలో బండ్లు తయారయ్యేవి. 1973 నుంచి వాటికి యెజ్డీ అన్న పేరు వచ్చింది. 1996లో కర్మాగారం మూతపడింది. వాటిని నడిపినవారికి తెలిసిన విశేషం ఒకటున్నది. కిక్ కొట్టే కడ్డీయే లోపలికి నొక్కి ముందుకు తిప్పితే గేరు కడ్డీ అవుతుంది. రెండు పనులకు ఒకటే కడ్డీ. ఇక రెండు వైపులా రెండు సైలెన్సర్లు. అది వీధి మలుపు తిరగక ముందే, వచ్చేది ఎవరో ఇంట్లో తెలిసిపోయేది. పెట్రోలులో ఆయిలు కలిపి పోయవలసిన బండి గనుక అబ్బాజాన్ ఒక చిన్న ఇత్తడి గ్లాసుకు లోపలి వైపు సూదితో గీత గీసి, దానితోనే కొలిచి పోసేవారు. పెట్రోలు బంకు వారి కొలతను వారు ఎన్నడూ నమ్మలేదు. బట్టను గజం బద్దతో కొలిచి అమ్మే మనిషి, ఇతరుల కొలతను ఎట్లా నమ్ముతారు?

1986లో మమ్మల్ని చదువుకు వేలూరు చేర్చవలసి వచ్చింది. అందరూ రైలు, బస్సు అంటూ లెక్కలు వేస్తుండగా అబ్బాజాన్ మా పెట్టెను వెనుక కట్టి, మమ్మల్ని మధ్య కూర్చోబెట్టుకొని, యెజ్డీ మీదనే బయలుదేరారు. ఆళ్ళగడ్డ, మైదుకూరు, కడప దాటి గువ్వలచెరువు కనుమ ఎక్కి, అక్కడ ఆగి మోదుగాకులో పాలకోవా తిన్నాము. రాయచోటి, పీలేరు, చిత్తూరు మీదుగా వేలూరు చేరేసరికి ఇద్దరి ముఖాలూ దుమ్ముతో ఒకే రంగులో ఉన్నాయి. ఆ ప్రయాణంలో వారు మాకు చేసిన హితబోధ ఏదీ లేదు. ఇంజను చప్పుడులో మాట వినిపించేదీ కాదు. ఏడేండ్ల చదువులో ఇల్లు గుర్తుకు వచ్చినప్పుడల్లా మాకు మొదట గుర్తుకు వచ్చినది మాత్రం వారి చొక్కా వీపు.

2001లో అబ్బాజాన్ కన్నుమూశారు. ఇంటిని, దుకాణాన్ని గురించి పెద్దల సమక్షంలో మాట్లాడుకున్నాము. బండి మాట ఎవరూ ఎత్తలేదు. కొడుకు ఒక్కడే, బండి తోలేవాడు అతడే. తాళంచెవి మా జేబులోకి ఎప్పుడు వచ్చిందో మాకే తెలియదు.

మరి పదకొండేండ్లకు దానిని ఎందుకు అమ్మామంటే, కారణాలన్నీ సక్రమమైనవే. నడుము నొప్పి పట్టుకున్నది. పెట్రోలు లీటరు 70 రూపాయలు దాటింది. విడి భాగాల కోసం మెకానిక్ ఎక్కడెక్కడో వెతకవలసి వచ్చేది. పొగ వెళ్లే కిటికీ పొరుగువారిది. ఫజర్ నమాజుకు మేము బండి తీస్తే మసీదుకు రానివారు కూడా మేల్కొనేవారు. అన్నిటికంటే ముఖ్యం, మా అమ్మాయికి కాలేజీ ఊరి చివర వచ్చింది. గేర్లు లేని స్కూటరైతే ఆమె స్వయంగా నడుపుకొని పోగలదు. మేమూ వాడుకోవచ్చు. ఆళ్ళగడ్డ నుంచి వచ్చిన ఒక ఆసామి 16,000 లెక్కపెట్టి ఇచ్చాడు. మరికొంత కలిపి స్కూటరు కొన్నాము. ఆ స్కూటరును గురించి మేము ఒక్క చెడ్డ మాట చెప్పలేము. బొత్తాము నొక్కితే కదిలేది. సంచి తగిలించుకునే కొక్కెం ఉండేది. మా అమ్మాయి దాని మీదనే తిరిగి ఫార్మసీ చదువు పూర్తి చేసింది. అయినా మొదటి నెల రోజులు మా ఎడమకాలు లేని కిక్ కడ్డీ కోసం గాలిలో వెతుక్కునేది. గిద్దలూరు వెళ్లేటప్పుడు నల్లమల ఘాట్ రోడ్డులో స్కూటరు మూలుగుతూ ఎక్కుతుంటే, అబ్బాజాన్ ఎదురుపడితే ఏమంటారో అన్న ఊహ వచ్చి నవ్వు, దుఃఖం రెండూ కలిగేవి.

మా అమ్మీజాన్ అమ్మకాన్ని గురించి ఏమీ అనలేదు. కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం చల్లారిన టీ మా ముందు పెడుతూ, "నువ్వు ఎప్పుడు వస్తున్నావో ఇప్పుడు తెలియడం లేదు బేటా" అన్నారు. యెజ్డీ చప్పుడు మలుపులో వినిపించగానే వారు పొయ్యి మీద గిన్నె పెట్టేవారట. అబ్బాజాన్ ఉన్నప్పటి నుంచీ అదే అలవాటు. ఆ మాటకు మేము సంజాయిషీగా ఏదో చెప్పి ఊరుకున్నాము.

ఆ బాధను మేము చాలాకాలం మనసు బలహీనతగానే ఎంచుకున్నాము. ఇనుప వస్తువు మీద ఇంత మమకారమేమిటని మమ్మల్ని మేమే మందలించుకునేవారము. అటువంటప్పుడు 'సాద్' సూరాలోని హజ్రత్ సులైమాన్ (అ) గుర్రాల ప్రస్తావన మనసులో మెదిలేది. సాయంకాలం మేలు జాతి గుర్రాలను వారి ఎదుట నిలిపారు. వాటిని చూస్తూ ఉండగానే పొద్దు కనుమరుగైంది. వారు వాటిని తిరిగి తెప్పించి, కాళ్ల మీద, మెడల మీద చేయి వేశారు. ఆ చేయి వేయడం ఎటువంటిది అన్న దగ్గర వ్యాఖ్యాతలు రెండుగా చీలిపోయారు. నమాజు సమయం దాటించిన వాటిని వారు వధించారని కొందరి అభిప్రాయం. ఇబ్నె కసీర్ మొగ్గు అటువైపే. ప్రేమతో నిమిరారన్నది ఇబ్నె అబ్బాస్ (రజి) నుంచి వచ్చిన మాట. తమ దోషం లేని జంతువులను ఒక ప్రవక్త హింసించరన్న తర్కంతో తబరీ దానిని ఎంచుకున్నారు. ఒకే క్రియాపదం నుంచి ఒకరికి కత్తి కనిపించింది, మరొకరికి అరచేయి. విద్యార్థులకు రెండు అభిప్రాయాలూ చెప్పడం మా విధి. మేము మాత్రం చదువుకునే రోజుల నుంచీ తబరీ పక్షమే. అబ్బాజాన్ సాయంత్రం దుకాణం మూసి వచ్చి, పాత పంచె ముక్కతో బండి ట్యాంకును తుడవడం మేము చూసి ఉన్నాము కదా.

దైవప్రవక్త (స) అద్బా అనే తమ ఒంటెను పందెంలో ఏదీ దాటలేకపోయేదని, ఒక పల్లెవాసి వయసు ఒంటె దానిని దాటిపోతే సహాబాలు నొచ్చుకున్నారని బుఖారీలో ఉన్నది. అంతటివారికే వాహనం గెలుపోటములు మనసుకు తగిలినప్పుడు మా బోటి వారిని తప్పు పట్టనక్కరలేదని అప్పుడప్పుడు ఊరట చెందేవారము.

తరగతి గదిలో ఆ రోజు తెలిసింది, మాకు కావలసినది ఊరట కాదని. సుద్దముక్క కదిపి లెక్క పూర్తి చేశాము. సంతానం ఉన్నది గనుక భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినది కుమారునికి రెండు పాళ్లు, ఒక్కొక్క కుమార్తెకు ఒక పాలు. మొత్తాన్ని 32 భాగాలు చేస్తే తల్లికి 4, కుమారునికి 14, కుమార్తెలకు తలా 7. అంటే 16,000 రూపాయలలో అమ్మీజాన్‌కు 2,000, మా అక్కకు 3,500, మా చెల్లెలికి 3,500. మావి 7,000 మాత్రమే. తక్కిన 9,000 రూపాయల మీద మేము పదేండ్లకు పైగా స్కూటరు నడిపాము. ఏటా ఈ విద్యనే బోధిస్తూ నడిపాము. ఆ విద్యార్థి లెక్కను పుస్తకంలోకి ఎక్కించుకొని కూర్చున్నాడు. వాడికేమీ తెలియదు.

ఇంటికి వచ్చి గ్రంథాలు తీశాము. ఇతరుల వస్తువును అనుమతి లేకుండా అమ్మినవానిని మన హనఫీ ఫిఖ్‌హ్‌లో 'ఫుజూలీ' అంటారు. అటువంటి అమ్మకం యజమాని సమ్మతి వచ్చేదాకా నిలిచి ఉంటుంది. సమ్మతిస్తే చెల్లుతుంది, వెల యజమానిది అవుతుంది. సమ్మతి చెల్లాలంటే అమ్మిన వస్తువూ, కొన్నవాడూ అప్పటికి నిలిచి ఉండాలి. కనుక బండి ఉన్నదో, తునకలై పాత ఇనుములో పోయిందో ముందు తెలుసుకోవలసి వచ్చింది.

మా పాత మెకానిక్ వద్దకు వెళ్లాము. "మౌల్వీ సాబ్, అప్పుడే వద్దన్నాను కదా!" అన్నది ఆయన మొదటి మాట. ఇప్పుడు ఆ బండ్లకు కొత్త బండ్ల కంటే గిరాకీ అని, మేము అమ్మిన వెలకు నేడు దాని మీద చేయి కూడా వేయనివ్వరని మమ్మల్ని మరింత కుంగదీసి, పది రోజులలో ఆచూకీ తీశాడు. ఆళ్ళగడ్డ ఆసామి క్షేమం. బండిని ఆయన అయిదేండ్ల క్రితం బెంగళూరులో ఒకరికి ఇచ్చాడు. కొన్నవారు దానికి మెరూన్ రంగు వేయించి, ఆదివారాలలో మాత్రమే బయటికి తీస్తున్నారు. ఒక ఫోటో కూడా వచ్చింది. రంగు మారినా ట్యాంకు ఎడమ వైపు సొట్ట అట్లాగే ఉన్నది. అది వేలూరు ప్రయాణంలో మా పెట్టె తగిలి పడిన సొట్ట.

తిరిగి కొనాలన్న ఆశ కలుగలేదని చెబితే అది అబద్ధమే. హజ్రత్ ఉమర్ (రజి) దానంగా ఇచ్చిన ఒక గుర్రం ఆలనాపాలనా లేక చిక్కిపోవడం చూసి తిరిగి కొనబోతే దైవప్రవక్త (స) వద్దన్నారు. అది దానం గనుక వద్దన్నారు, మాది అమ్మకం గనుక అడ్డు లేదని మా మనసు వెంటనే వాదన సిద్ధం చేసింది. ధర విన్న తర్వాత వాదన అవసరం లేకపోయింది.

అక్క కర్నూలులో ఉంటున్నది. మాట విని పెద్దగా నవ్వి, "ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా మౌలానాకు! నేను ఎప్పుడో వదిలేశాను" అన్నది. ఇస్తే తీసుకోనని పట్టుబట్టింది. వాటా ఉన్నదని తెలిసి, డబ్బు చేతికి వచ్చిన తర్వాత వదులుకోవడం వేరు, అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందని ఊరుకోవడం వేరు అని చెప్పి, నోట్లు ఆమె చేతిలో పెట్టాము. పెట్టిన తర్వాత ఆమె నవ్వలేదు. లెక్కపెట్టుకొని బీరువాలో దాచుకున్నది.

గిద్దలూరులోని చెల్లెలు అంత సులువుగా ఒప్పుకోలేదు. ఆమె చిన్నతనంలో అబ్బాజాన్ ముందు ట్యాంకు మీద కూర్చొని బడికి వెళ్లేది. "డబ్బు సంగతి ఎందుకు భాయీజాన్? అమ్ముతున్నానని ఒక ఫోను చేసి ఉంటే వచ్చి ఒకసారి చూసుకొని పోయేదాన్ని" అన్నది. ఏమి సమాధానం చెప్పగలము? అమ్మకాన్ని రద్దు చేసుకోవడానికి 'ఇఖాలా' అనే మార్గం ఉన్నదని, కొన్నవాడు కూడా ఒప్పుకోవాలని, బండి ఇప్పుడు అతని వద్దే లేదని వివరించాము. ఆమె విన్నది. మూడు రోజుల తర్వాత ఫోను చేసి, "సరే, ఒప్పుకున్నాను" అని చెప్పి పెట్టేసింది.

అమ్మీజాన్‌కు 2,000 రూపాయలు ఇస్తే, ఎందుకని అడిగారు. చెప్పాము. నోట్లు తలగడ కిందికి తోసి, "బెంగళూరులో వాన ఎక్కువట, వాళ్లు దాని మీద గుడ్డ కప్పుతున్నారా?" అని అడిగారు. కప్పుతున్నారని ఫోటో చూపించాము. కళ్ల దగ్గరికి తెచ్చుకొని చాలాసేపు చూసి, ఈ రంగు మీ నాన్నకు నచ్చదు అన్నారు.

ఆ వారమే అటక దింపి వెతికితే, పాత గొట్టాల మధ్య ఇత్తడి గ్లాసు దొరికింది. లోపలి గీత అట్లాగే ఉన్నది. ఈసారి ముగ్గురికీ ముందే ఫోను చేసి, దొరికిందని, ఎవరికి కావాలని అడిగాము. అక్క, అమ్మీజాన్ చెల్లెలికే ఇమ్మన్నారు. ఆమె వచ్చి చీర కొంగులో చుట్టుకొని తీసుకుపోయింది. చింతపండుతో ఎంత తోమినా ఆయిలు వాసన పోవడం లేదని మొన్న ఫోనులో చెప్పింది. ఇక తోమనని కూడా చెప్పింది.