తోక తెగినా.. తిప్పలు తప్పలేదు!

* వైర్‌లెస్‌ మౌస్‌లపై వినియోగదారుల్లో భిన్నాభిప్రాయాలు
* సౌలభ్యం ఆపరేటర్‌కు.. నిరీక్షణ బల్లకు అవతలివారికి
* సొరుగులో తీగ మౌస్‌ ఉండాల్సిందేనంటున్న నిర్వాహకులు

దేవరకొండ (నల్గొండ జిల్లా): దరఖాస్తుకు చివరి రోజు. ఇంటర్నెట్‌ కేంద్రం ఎదుట అభ్యర్థులు బారులు తీరారు. ఓ విద్యార్థిని వివరాలన్నీ నింపడం పూర్తయింది. తండ్రి సెల్‌ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. దాన్ని నమోదు చేసి, తెరపై మీట నొక్కాల్సిన తరుణంలో బాణం గుర్తు మొరాయించింది. ఆపరేటర్‌ మౌస్‌ను అరచేతిపై నాలుగుసార్లు తట్టారు. అడుగున మూత తీసి సెల్‌ను అటూ ఇటూ తిప్పారు. ఈలోగా ఓటీపీ గడువు ముగిసింది. వ్యవహారం మళ్లీ మొదటికొచ్చింది. మండల కేంద్రాల్లోని సేవా కేంద్రాలకు తరచూ వెళ్లేవారికి ఈ దృశ్యం కొత్తేమీ కాదు.

ధ్రువపత్రం మొదలు డిగ్రీ సీటు వరకు అన్నీ కంప్యూటర్‌ తెర మీదుగానే సాగుతున్న రోజులివి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో మీసేవ ప్రారంభమైంది. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలకు 2016 నుంచి ‘దోస్త్‌’ విధానం అమల్లో ఉంది. ఇంట్లో కంప్యూటర్‌ లేని కుటుంబాలు ఇలాంటి పనులకు మండల కేంద్రంలోని దుకాణాలనే ఆశ్రయిస్తున్నాయి. అక్కడి బల్లలపై కొన్నేళ్లుగా తీగ మౌస్‌ల స్థానాన్ని వైర్‌లెస్‌ మౌస్‌లు ఆక్రమిస్తున్నాయి. వీటి పనితీరుపై వాడకందారులను కదిలిస్తే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. ఎవరి పని ఎలాంటిదో, వారి అభిప్రాయమూ అలాగే ఉండటం గమనార్హం.

పేరు తెచ్చిందే తీగ

అసలు ఈ పరికరానికి మౌస్‌ అన్న పేరు రావడానికి తీగే కారణమని చెబుతారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌ పరిశోధన సంస్థలో 1960వ దశకంలో డగ్లస్‌ ఎంగెల్‌బార్ట్‌ బృందం చెక్కపెట్టెతో తొలి నమూనాను రూపొందించింది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని బహిరంగంగా ప్రదర్శించారు. వెనుక వేలాడే తీగ ఎలుక తోకను తలపించడంతో ఆ పేరు స్థిరపడింది. ఆ తోకను తొలగించే యత్నాలు తర్వాత ఊపందుకున్నాయి. రేడియో తరంగాలతో పనిచేసే మౌస్‌ను లాజిటెక్‌ సంస్థ 1991లో విపణిలోకి తెచ్చింది. నేడు దుకాణాల్లో దొరికే చౌక రకాల్లో అత్యధికం 2.4 గిగాహెర్ట్జ్‌ పౌనఃపున్యంపై పనిచేస్తున్నాయి. ఈ శ్రేణిలో తక్కువ శక్తి గల పరికరాలకు లైసెన్సు అవసరం లేకుండా కేంద్ర ప్రభుత్వం 2005లో నిబంధనలు జారీ చేసింది.

మెచ్చుకునేవారు ఎందరో..

వైర్‌లెస్‌ మౌస్‌లకు గట్టి మద్దతుదారులు ఉపాధ్యాయులు. తెరపై పాఠం చూపుతూ తరగతి గదిలో వెనుక బల్లల వరకు నడిచే వీలు కలిగిందని వారు చెబుతున్నారు. తీగ ఉన్న రోజుల్లో కంప్యూటర్‌ పక్కన నిలబడే బోధించాల్సి వచ్చేదని గుర్తు చేసుకుంటున్నారు. ల్యాప్‌టాప్‌ చంకన పెట్టుకుని ఊరూరా తిరిగే సర్వేయర్లు, బీమా ఏజెంట్లదీ ఇదే మాట. సంచిలో తీగ చిక్కుపడే బాధ తప్పిందని సంతృప్తి వ్యక్తం చేస్తున్నారు.

శుభలేఖలు, ఫ్లెక్సీలు రూపొందించే డీటీపీ ఆపరేటర్లు మరో కోణం వివరిస్తున్నారు. రోజంతా గీతలు గీసే పనిలో తీగ బల్ల అంచుకు తగిలి చేతిని వెనక్కి లాగుతుంది. మౌస్‌ మెడ వద్ద పదేపదే వంగి లోపలి రాగి పోగులు తెగుతాయి. వైర్‌లెస్‌ మౌస్‌తో ఆ రెండు బాధలూ తీరాయని వారు అంగీకరిస్తున్నారు. అయితే పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం తిరిగి తీగ మౌస్‌నే బయటకు తీస్తున్నట్లు కొందరు చెప్పడం విశేషం. అర్ధరాత్రి సెల్‌ అయిపోతే తెల్లారేవరకు కొట్లు తెరవరన్నది వారి అనుభవం.

విసుగు ఎక్కడ?

సేవా కేంద్రాల నిర్వాహకుల అభిప్రాయం ఇందుకు పూర్తి భిన్నం. వారి ఫిర్యాదుల్లో మొదటిది సెల్‌. తీగ మౌస్‌కు విద్యుత్తు కంప్యూటర్‌ నుంచే అందుతుంది. వైర్‌లెస్‌ మౌస్‌కు సెల్‌ కొనక తప్పదు. చవకగా దొరికే మామూలు జింకు-కార్బన్‌ సెల్‌ కంటే ఆల్కలైన్‌ రకం ఎక్కువ కాలం మన్నుతుంది. గిరాకీ లేని దుకాణంలో ఏళ్ల తరబడి మగ్గిన సెల్‌ కొంటే ఆ లాభమూ దక్కదు. పైగా చాలా చౌక రకాల్లో సెల్‌ ఎంత మిగిలిందో తెలిపే గుర్తు ఉండదు. ఆగిపోయే వరకు సంగతి బయటపడదు.

రెండోది రిసీవర్‌. గోరంత ఉండే ఈ పరికరం యూఎస్‌బీ రంధ్రం నుంచి ఊడి పోతే మౌస్‌ ఉండీ ప్రయోజనం శూన్యం. ఒక మౌస్‌ రిసీవర్‌ మరోదానికి సాధారణంగా పనిచేయదు. కొన్ని కంపెనీలు ఒకే రిసీవర్‌కు వేర్వేరు పరికరాలను జతచేసే వీలు కల్పించినా, చౌక రకాల్లో ఆ వెసులుబాటు అరుదు. ఒకే గదిలో నాలుగు కంప్యూటర్లున్న చోట ఏ రిసీవర్‌ ఏ మౌస్‌దో తెలియక తికమక పడుతున్నామని నిర్వాహకులు వాపోతున్నారు.

మూడోది బాణం గుర్తు తడబాటు. దీన్ని చాలామంది మౌస్‌ నాసిరకం కావడంగా భావిస్తారు. చాలాసార్లు దోషం అమరికలో ఉంటుంది. సీపీయూ లోహపు పెట్టె వెనుక భాగంలో, కాళ్ల వద్ద రిసీవర్‌ను గుచ్చితే సంకేతం బలహీనపడుతుంది. యూఎస్‌బీ 3.0 పరికరాల నుంచి వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్‌ సంకేతాలకు ఆటంకం కలిగిస్తుందని ఇంటెల్‌ సంస్థ 2012లోనే వెల్లడించింది. వైఫై, బ్లూటూత్‌ కూడా ఈ శ్రేణినే పంచుకుంటాయి. రిసీవర్‌ను ముందు వైపు రంధ్రంలో గానీ, చిన్న పొడిగింపు తీగతో బల్ల మీద గానీ ఉంచితే చాలావరకు సమస్య తీరుతుంది.

అద్దం బల్లది మరో తంటా. అద్దం కింద దేవుడి పటాలు, ఫోన్‌ నంబర్ల చీటీలు అమర్చుకోవడం కార్యాలయాల్లో పరిపాటి. మౌస్‌ అడుగున వెలిగే దీపం కాంతిలో ఓ చిన్న కెమెరా ఉపరితలాన్ని నిరంతరం చిత్రీకరిస్తూ కదలికను లెక్కిస్తుంది. నున్నని అద్దంపై దానికి ఆనవాళ్లు చిక్కవు. పాత క్యాలెండర్‌ అట్ట వేసినా పని నడుస్తుంది. ఈ లోపం తీగ ఉన్న ఆప్టికల్‌ మౌస్‌లకూ ఉన్నదే. నింద మాత్రం వైర్‌లెస్‌ మౌస్‌పైనే పడుతోంది.

భద్రత మాటేమిటి?

ఆధార్‌, బ్యాంకు ఖాతా వివరాలు నమోదయ్యే చోట మరో అంశం ఆలోచించదగినది. కొన్ని కంపెనీల వైర్‌లెస్‌ మౌస్‌ల రిసీవర్లలో లోపాన్ని వాడుకుని, దూరం నుంచే కంప్యూటర్‌కు అక్షరాలు పంపవచ్చని అమెరికాకు చెందిన బాస్టిల్‌ సంస్థ పరిశోధకులు 2016లో బయటపెట్టారు. కీబోర్డు సంకేతాలకు రహస్య లిపి రక్షణ కల్పించినా, మౌస్‌ సంకేతాలకు ఆ జాగ్రత్త తీసుకోకపోవడమే ఇందుకు మూలం. తర్వాత కొన్ని కంపెనీలు దిద్దుబాట్లు విడుదల చేశాయి. పాత రిసీవర్లకు అవి అందాయో లేదో పట్టించుకునేవారు తక్కువ. ప్రజల వివరాలు నమోదు చేసే కంప్యూటర్‌కు తీగ మౌస్‌ వాడటం తేలికైన జాగ్రత్త.

భారం ఎవరిది?

ఈ అభిప్రాయాలన్నీ మౌస్‌ పట్టుకున్నవారివి. బల్లకు అవతల నిలబడినవారి మాట వేరు. మౌస్‌ను ఎంచుకునేది వారు కాదు, అది ఆగితే నష్టపోయేది మాత్రం వారే. తండాల నుంచి కూలి మానుకుని, ఆటో కిరాయి పెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు అరగంట ఆలస్యమంటే తిరుగు బస్సు తప్పినట్లే. చివరి తేదీన అయితే ఏడాది చదువే ప్రశ్నార్థకమవుతుంది. కళాశాలల ఐచ్ఛికాల నమోదులో ఒక నొక్కు రెండుగా పడినా, గుర్తు పక్క వరుసకు జారినా కోరని సీటు రావచ్చు. సమర్పించే ముందు ముద్రిత ప్రతి తీసుకుని సరిచూసుకోవాలన్న సూచన ఇక్కడే అక్కరకొస్తుంది. ఆ ప్రతిని అడిగి తీసుకోవడానికి అభ్యర్థులు మొహమాటపడరాదు.

దుకాణదారుల లెక్క ప్రకారం రెండు రకాల ధరల్లో వ్యత్యాసం పెద్దదేమీ కాదు. వైర్‌లెస్‌ మౌస్‌ కొన్న కేంద్రం ఒక తీగ మౌస్‌నూ, రెండు సెల్స్‌నూ సొరుగులో ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు ఒక పూట గిరాకీతో సమానం. ఆ మాత్రం ముందుచూపు ఉన్నచోట వరుస ఆగడం లేదని అనుభవజ్ఞులు చెబుతున్నారు.

ఇలా చేస్తే మేలు..

* కొనేటప్పుడు రసీదు, వారంటీ పత్రం అడిగి తీసుకోవాలి. వివాదం తలెత్తితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరును సంప్రదించవచ్చు.
* రిసీవర్‌కు, మౌస్‌కు ఒకే రంగు చీటీ అంటిస్తే తికమక ఉండదు.
* సెలవుల్లో సెల్‌ తీసి ఉంచాలి. లోపలే కారితే రేకులు తుప్పు పడతాయి.
* వాడేసిన సెల్స్‌ను చెత్తకుప్పలో వేయరాదు. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణకు 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని విడిగా సేకరణకు అప్పగించాలి.

మౌస్‌కు తోక ఉండాలా, వద్దా అన్నది వాడేవారి ఇష్టం. చివరి తేదీన వరుసలో నిలబడినవారి పని మాత్రం ఆగకూడదు. సేవా కేంద్రం పెట్టుకున్నవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలునని అభ్యర్థులు కోరుతున్నారు.