పాల పళ్ళు ఊడిపోయేవే కదా అని వదిలేద్దామా?

పోస్టు పొడుగైంది, కొంచెం ఓపిక పట్టండి. పోడు, స్కాలర్‌షిప్, రిజర్వేషన్ గురించి ఇక్కడ చాలా మాట్లాడుకున్నాం. ఈసారి మన పిల్లల పళ్ళ గురించి. నవ్వొస్తే నవ్వుకోండి, కానీ చివరి దాకా చదవండి.

2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైన కాడి నుంచి జల్‌పల్లి, పహాడీ షరీఫ్, తుక్కుగూడ వైపు కట్టుడు పని ఆగింది లేదు. గోదాములు, వెంచర్లు, అపార్ట్‌మెంట్లు. మట్టి పనికి, సెంట్రింగ్ పనికి వచ్చేవాళ్ళలో దేవరకొండ వైపు, పాలమూరు వైపు తండాల వాళ్ళు కూడా ఉంటారు. పొద్దున్నే తల్లి పనికి ఎక్కుతుంది. పిల్ల ఏడవకుండా చేతిలో ఐదు రూపాయల బిస్కెట్ పుడ. మధ్యాహ్నం ఏడిస్తే ఇంకొకటి. రాత్రి పడుకునేటప్పుడు సీసాలో చక్కెర పాలు, పాలు లేకపోతే చాయ్. అలాంటి పిల్లల్ని ఒకసారి నవ్వమని చూడండి. పైన ముందు పళ్ళు నాలుగూ గోధుమ రంగుకు తిరిగి, చిగురు దాకా అరిగిపోయి ఉంటాయి. కింద పళ్ళు మాత్రం బాగానే ఉంటాయి, సీసా తాగేటప్పుడు నాలుక వాటిని కప్పుతుంది కాబట్టి. డెంటల్ డాక్టరు దీన్ని చూడగానే గుర్తుపడతాడు. మనవాళ్ళు మాత్రం "పాల పళ్ళే కదా, ఊడిపోతయ్" అంటారు.

నా గొడవంతా ఈ మాటతోనే. పాల పళ్ళు 20. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, నిజమే. వెనక దవడ పాల పళ్ళు మాత్రం పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. మూడేళ్ళకే అవి పుచ్చితే పిల్ల ఏడెనిమిదేళ్ళు దేంతో నమలాలి? జొన్న రొట్టె నమలలేక మెత్తగా ఉండే బిస్కెట్, బన్నుకే అలవాటు పడుతుంది, దాంతో ఇంకా పుచ్చుతాయి. వేరు దగ్గర చీము పడితే, లోపల తయారవుతున్న అసలు పన్ను కూడా దెబ్బ తినొచ్చు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఆరేళ్ళప్పుడు చివరి పాల పన్ను వెనక ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి దాన్ని కూడా పాల పన్నే అనుకుంటారు. కాదు, అది జీవితాంతం ఉండాల్సింది. అది పోతే మళ్ళీ రాదు.

"పంటికి పురుగు పట్టింది" అంటాం గానీ పన్నులో పురుగు ఉండదు. గింజల పొగ పట్టి పురుగులు రాల్చామని చూపించేవాళ్ళను నమ్మకండి. ఉండేది కంటికి కనపడని బ్యాక్టీరియా. 1683లో హాలండ్‌లో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తన పంటి పాచి గీరి, తానే చేసుకున్న అద్దం కింద పెట్టి చూస్తే అందులో ప్రాణులు కదులుతూ కనపడ్డాయి. మనిషి నోట్లో ఉండే బ్యాక్టీరియాలో ఇప్పటిదాకా 700కు పైగా రకాలు గుర్తించారు. అన్నీ చెడ్డవి కావు, చాలావాటితో మనకు ఏ పేచీ లేదు. పిప్పి పన్ను విషయంలో ఎక్కువగా వినిపించే పేరు స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్. 1924లో క్లార్క్ అనే ఆయన ఇంగ్లాండ్‌లో పుచ్చు పళ్ళలో దీన్ని గుర్తించాడు. ఇది చక్కెరతో రెండు పనులు చేస్తుంది. ఒకటి, పన్నుకు అంటుకునే జిగురు తయారుచేసుకుంటుంది. అదే మన పాచి. రెండు, ఆమ్లం వదులుతుంది. ఆ ఆమ్లం పన్ను పైపొరను కరిగిస్తుంది. తర్వాత ఉమ్మి వచ్చి దాన్ని విరిచి, పన్నును మళ్ళీ కుదుట పరచడానికి అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. అంటే ఒక లడ్డూ ఒకేసారి తిని ఊరుకుంటే పన్ను కోలుకుంటుంది. అదే గంటకో బిస్కెట్ చప్పరిస్తుంటే కోలుకునే టైమే దొరకదు. ఎంత తిన్నాం అనేదాని కంటే ఎన్నిసార్లు తిన్నాం అనేదే పెద్ద లెక్క. రాత్రి నిద్రలో ఉమ్మి బాగా తగ్గిపోతుంది, అందుకే ఆ సీసా అంత చేటు.

ఈ బ్యాక్టీరియా పిల్లకు ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువగా తల్లి నోటి నుంచే, పళ్ళు వచ్చే తొలి రెండు మూడేళ్ళలో. ఒకే చెంచా, నమిలి పెట్టిన ముద్ద, ముద్దులు. ఇది విని తల్లులను తిట్టడం మొదలుపెట్టకండి. నేను చెప్పేది దానికి ఉల్టా. గర్భిణిగా ఉన్నప్పుడు బరువు చూస్తారు, రక్తం చూస్తారు, ఆమె నోరు తెరిచి చూసేవాళ్ళు ఎంతమంది? ఆమె పుచ్చు పళ్ళకు అప్పుడే వైద్యం చేస్తే బిడ్డకూ మేలే.

చిగుళ్ళ సంగతి కూడా చెప్పాలి, హాస్టల్ పిల్లలకు ఇది ముఖ్యం. 1965లో డెన్మార్క్‌లో లో అనే ప్రొఫెసర్, ఆయన తోటివాళ్ళు 12 మందితో పళ్ళు తోముకోవడం మాన్పించి చూశారు. చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే. పది రోజుల నుంచి మూడు వారాల లోపు ఒక్కరు మిగలకుండా అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెడితే వారం, పది రోజుల్లో తగ్గిపోయింది. మన హాస్టళ్ళలో జరిగేది ఏంటి? తోముతుంటే రక్తం వస్తుంది, భయపడి తోమడం మానేస్తారు. పాచి పెరుగుతుంది, గట్టిపడి గార కడుతుంది, రక్తం ఇంకా ఎక్కువవుతుంది. మామూలుగా రక్తం వచ్చే చోటే మెత్తగా, శ్రద్ధగా తోమాలి. రెండు వారాలకూ ఆగకపోతే డాక్టరుకు చూపించాలి.

"మా తాత వేప పుల్లతోనే తోమాడు, ఎనభై ఏళ్ళకూ చెరుకు నమిలాడు" అని రాసేవాళ్ళు ఎట్లాగూ ఉంటారు, ముందే జవాబు చెప్తున్నా. వేప పుల్లను, కానుగ పుల్లను నేను తక్కువ చేయను. బాగా నమిలి కుంచె చేసుకుని తోమితే పాచి పోతుంది. కానీ తాత కాలంలో తండాలో ప్రతి మలుపుకూ బిస్కెట్ డబ్బా లేదు. ఆయన తిన్నది జొన్న రొట్టె, కూర. యూరప్‌లో పాత ఎముకల గూళ్ళ పంటి గారను పరీక్షించి 2013లో శాస్త్రవేత్తలు ఇదే చెప్పారు: ఫ్యాక్టరీల కాలంలో శుద్ధి చేసిన చక్కెర, పిండి వచ్చాకే నోట్లో పన్ను పుచ్చించే బ్యాక్టీరియా బాగా పెరిగింది. తాత పుల్ల కావాలంటే తాత తిండి కూడా కావాలి. రెండోది మన చేతుల్లో లేనప్పుడు ఫ్లోరైడ్ పేస్టు తప్పదు. డబ్బా మీద ఫ్లోరైడ్ అని రాసి ఉందో లేదో చూసి కొనండి, మూలికల పేరుతో అమ్మే వాటిలో చాలావాటికి అది ఉండదు. మూడేళ్ళ లోపు పిల్లకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ లోపు బఠానీ గింజంత చాలు. బొగ్గు, ఇటుక పొడి వద్దు, పన్ను అరుగుతుంది.

నల్లగొండ వైపు తమ్ముళ్ళకు ఒక మాట. ఫ్లోరైడ్ నీళ్ళతో పళ్ళ మీద వచ్చే పసుపు, గోధుమ గార వేరు, పుచ్చు వేరు. ఆ పిల్లలను "పళ్ళు తోమవా" అని క్లాసులో నిలబెట్టి అడిగే సార్లు ఇంకా ఉన్నారు. ఆ గార తోమితే పోదు. అక్కడి పిల్లలకు పేస్టు ఎంత వాడాలో డాక్టరును అడిగి వాడండి.

ఇక ప్రభుత్వం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, మనం ఆర్‌బీఎస్‌కే అంటాం, పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ దాకా చూడాలి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి టీమ్ రావాలి. వాళ్ళు చూడాల్సిన జబ్బుల లిస్టులో పంటి జబ్బు కూడా ఉంది. కాగితం మీద ఇంత బాగుంటే జల్‌పల్లి గుడిసెల్లో పిల్ల నోరు ఎవరూ ఎందుకు చూడలేదు? ఆ పిల్ల పేరు అంగన్‌వాడీ రిజిస్టర్‌లో లేదు కాబట్టి. ఊర్లో ఉన్న పేరు ఊర్లోనే ఉంది, మనిషి ఇక్కడ ఉంది. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, నిజమే. పోయి రావాలంటే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. నొప్పి ముదిరి దవడ వాచాక గానీ పోరు, అప్పుడు పీకడమే మిగులుతుంది.

అందరూ మిల్లు పెట్టి తొలిచే వైద్యమే చేయాలని లేదు. సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే మందు చుక్క పూస్తే చాలా పుచ్చులు అక్కడికే ఆగుతాయి. పన్ను నల్లబడుతుంది, నొప్పి మాత్రం ఉండదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని, ఫ్లోరైడ్ పేస్టును కూడా అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఫ్లెక్సీ కట్టి, తలా ఒక చిన్న పేస్టు పంచి, ఫోటో దిగి పోయే క్యాంపుల మీద నాకు నమ్మకం లేదు. ఆ మందు చుక్క తెచ్చి పూసి, ఆరు నెలలకు మళ్ళీ వచ్చి చూసే క్యాంపు అయితే చెప్పండి, నేనే జెండా పట్టుకుని ముందు నడుస్తా.

హాస్టళ్ళకు 2024లో డైట్ ఛార్జీలు 40 శాతం, కాస్మెటిక్ ఛార్జీలు 200 శాతం పెంచారు. సబ్బు, నూనె, పేస్టు ఆ డబ్బుల్లోంచే. కాబట్టి ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు రెండు విషయాలు వార్డెన్‌ను అడగండి: వచ్చే పేస్టులో ఫ్లోరైడ్ ఉందా, మూడు నెలలకు బ్రష్ మారుతుందా. రాత్రి అన్నం తిన్నాక తోమడానికి నల్లాలో నీళ్ళు ఉంటున్నాయా అనేది మూడోది, మర్చిపోయా. హైదరాబాద్‌లో చదువుతున్న వాళ్ళం ఆదివారం జల్‌పల్లి, తుక్కుగూడ వైపు పోయి, పని సైట్ల దగ్గర ఉన్న మన పిల్లల పేర్లు, వయసు రాసుకొచ్చి దగ్గరి అంగన్‌వాడీ టీచరమ్మకు ఇద్దాం. వలస వచ్చిన పిల్లలను కూడా చేర్చుకోవాలి, కాదంటే సూపర్‌వైజర్‌ను కలుద్దాం. సెలవులకు ఊరికి పోయేవాళ్ళు మీ తండా, మీ గూడెం అంగన్‌వాడీలో ఆర్‌బీఎస్‌కే టీమ్ ఆఖరుసారి వచ్చిన తారీఖు అడిగి కింద రాయండి. ఊరి పేరు, మండలం తప్పకుండా పెట్టండి.